లద్దాఖ్ వెళ్తున్న తమ్ముడికి ఏ రేడియో కొనాలి?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. లీవు అయిపోగానే వచ్చే నెల లద్దాఖ్‌లో సరిహద్దు దగ్గర ఒక పోస్టుకి వెళ్తున్నాడు. అక్కడ ఫోను ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో చెప్పలేనన్నాడు. వాడికి షార్ట్‌వేవ్ రేడియో ఒకటి కొనిద్దామనుకుంటున్నాను. ఆరేడు వేలు పెట్టగలను. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు అక్కడి నుంచి పంపిస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు:

అమ్మా, నేను ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే సమాచార విభాగంలో, ఇరవై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. అందులో రెండు చలికాలాలు కార్గిల్ వైపు గడిచాయి. చిన్నప్పటి నుంచీ షార్ట్‌వేవ్ వినే అలవాటుంది, ఇప్పటికీ వింటాను. మీరు ఇవ్వాలనుకున్న వస్తువు చాలా మంచిది. కానీ ఏ మోడల్ అన్నది చివర్లో మాట్లాడుకుందాం. ముందు అడగాల్సింది షాపువాడిని కాదు, మీ తమ్ముడి యూనిట్‌ని.

ఫలానా రేడియో వెంట తెచ్చుకోవచ్చా అని మీ తమ్ముడే వాళ్ల సీనియర్ జేసీవోని (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్‌ని) ఒక్కమాట అడగాలి. సరిహద్దు పోస్టుల్లో ఎలక్ట్రానిక్ వస్తువుల మీద కట్టుదిట్టం బాగా ఎక్కువ. 2020 జులైలో జవాన్ల ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ ఆదేశించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వినడానికి మాత్రమే పనికొచ్చే మామూలు రేడియోకి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయితే ఇప్పుడొచ్చే సెట్లలో బ్లూటూత్, మెమరీ కార్డు, రికార్డింగ్ అన్నీ కలిపి పెడుతున్నారు. కార్డులో అమ్మ గొంతు, పిల్లల మాటలు రికార్డు చేసి ఇవ్వాలని మీకు అనిపించవచ్చు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, అయినా వద్దనే చెబుతాను. మెమరీ కార్డు ఉన్న ఏ వస్తువైనా అక్కడ తనిఖీకి వస్తుంది. వాడిని ఇబ్బందిలో పెట్టడం మనకెందుకు?

విమానాల మాటలు వినిపించే ఎయిర్ బ్యాండ్ ఉన్న సెట్లు కూడా తీసుకోకండి. పేరున్న సెట్లు చాలావాటిలో అది ఉంటుంది. ఇంట్లో కూర్చుని వినేవాళ్లకి సరదాయే గానీ, సరిహద్దులో జవాను దగ్గర అలాంటి సెట్టు కనిపిస్తే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. వాకీటాకీలాగా మాట్లాడటానికి వీలున్న సెట్టు ఊసే ఎత్తొద్దు. ఇంకో విషయం. ఈ రంగంలో ఇప్పుడు మంచి పేరున్న టెక్సన్, ఎక్స్‌హెచ్‌డేటా రెండూ చైనా కంపెనీలవి. చైనా సరిహద్దుకి వెళ్లే జవాను విషయంలో ఆ సంగతి దాచకుండా పేరుతో సహా చెప్పి అడగాలి. సరే అంటే సరే, కాదంటే ఇంకో దారి ఉంది, కింద చెబుతాను.

ఇక రెండో మాట. ఈ సెట్టులో వాడికి ఏం వినిపిస్తుందో మీకు నిజం తెలియాలి. షార్ట్‌వేవ్ అంటే మన తరానికి సిలోన్ గుర్తొస్తుంది, బీబీసీ హిందీ గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ రోజులు లేవు. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ఆగిపోయాయి. ఆకాశవాణి హైదరాబాద్ ఒకప్పుడు 4800 కిలోహెర్ట్జ్ మీద షార్ట్‌వేవ్‌లో దేశమంతా వినిపించేది. ఆకాశవాణి అలాంటి ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా మూసేసింది. షార్ట్‌వేవ్‌లో ఇప్పుడు దక్షిణాసియాకి బీబీసీ ఇంగ్లిష్ వస్తోంది. చైనా రేడియో, జపాన్ రేడియో హిందీలో ఇస్తున్నాయి. ఇవిగాక అరబ్బీ, రష్యన్, టిబెటన్, ఉర్దూ స్టేషన్లు, పాటలు చాలానే తగులుతాయి. తెలుగు మాత్రం షార్ట్‌వేవ్‌లో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

తెలుగు దొరికే చోటు వేరే ఉంది, మీడియం వేవ్. అది కూడా రాత్రిపూటే.

పగలు ఆకాశంలో కింది పొర ఒకటి మీడియం వేవ్ తరంగాల్ని మింగేస్తుంది. పొద్దు గుంకితే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు అవే తరంగాలు పై పొరల్ని తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి. నేను కార్గిల్ వైపు ఉన్నప్పుడు డిసెంబరులో ఒక రోజు, రాత్రి ఏడు దాటాక, ముల్లుని 837 దగ్గర పెట్టి వైరు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఏదో చైనా స్టేషన్ గరగర కింద నుంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది. తెలుగు! మిరపకి ఏ తెగులొస్తే ఏ మందు కొట్టాలో చెబుతోంది. ప్రకాశం జిల్లా కుర్రాడొకడు అన్నం తింటున్నవాడల్లా మెస్ టిన్ను చేత్తో పట్టుకునే లేచొచ్చి సెట్టుకి చెవి ఆనించాడు. రెండు నిమిషాలకి గొంతు మళ్లీ గరగరలో మునిగిపోయింది. వాడు కదల్లేదు. "మా నాన్న ఇప్పుడు ఇదే వింటుంటాడు సార్" అన్నాడు. అన్నం గడ్డకట్టిపోయింది, మళ్లీ బుఖారీ (గది వేడెక్కించే పొయ్యి) మీద పెట్టి వేడి చేసుకున్నాం. 837 ఆకాశవాణి విజయవాడ, 738 హైదరాబాద్. ఈ రెండు అంకెలు మీ తమ్ముడికి కాగితం మీద రాసివ్వండి. రోజూ దొరుకుతాయని నేను చెప్పను. చలికాలం రాత్రుల్లో ఓపిగ్గా వెతికితే ఒక్కోసారి దొరుకుతాయి. దగ్గర్లో లేహ్, కార్గిల్ ఆకాశవాణి కేంద్రాలు ఎలాగూ ఉన్నాయి, హిందీ వార్తలు వాటిలో వస్తాయి.

అందుకే షార్ట్‌వేవ్ ఒక్కటే చూసి సెట్టు కొనకండి. మీడియం వేవ్ బాగా పట్టే సెట్టు కావాలి. ఇక్కడే అమెరికా సెట్టుతో ఒక చిక్కుంది. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10. అక్కడి కోసం అమర్చిన డిజిటల్ సెట్టులో మీట నొక్కుతూ పోతే 830, 840 అని పదులుగా దూకుతుంది, 837 మీద ఆగదు. సెట్టు పాడైందనుకుని పక్కన పడేసినవాళ్లను చూశాను. చాలా సెట్లలో 9కి మార్చుకునే వీలుంటుంది. మీ అన్నయ్య అక్కడ కొన్నా, కొనేముందు ఆ మార్పు వీలవుతుందో లేదో చూడమనండి. వచ్చాక మీరే మార్చి, విజయవాడ పట్టి చూసి, ఆ తర్వాతే తమ్ముడి చేతికివ్వండి. పార్సిల్లో పంపితే కస్టమ్స్ సుంకం పడవచ్చు. ఎవరైనా వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపడం మేలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికొస్తాను. సెల్స్.

లద్దాఖ్‌లో రేడియోలు చెడిపోయి మూలపడటం నేను తక్కువే చూశాను. సెల్స్ లేక మూలపడిన రేడియోలు మాత్రం లెక్కలేనన్ని. మనం బజార్లో కొనే మామూలు ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లో ఉండేది నీళ్లతో కలిపిన రసాయనం. చలి ముదిరేకొద్దీ అది మందగిస్తుంది. మైనస్ ఇరవై దగ్గర కొత్త సెల్ కూడా అయిపోయినట్టే కనిపిస్తుంది. తీసి చొక్కా లోపల పెట్టుకుంటే గంటలో మళ్లీ ప్రాణం వస్తుంది. మేమంతా రాత్రి స్లీపింగ్ బ్యాగులో సెల్స్ పెట్టుకునే పడుకునేవాళ్లం. లిథియం పెన్సిల్ సెల్స్ అని వేరే వస్తాయి, ఒక్కసారి వాడి పారేసేవి. ఎనర్జైజర్‌వి మైనస్ నలభై దాకా పనిచేస్తాయి. ధర ఎక్కువే, చేతిలో పట్టుకుంటే మామూలు సెల్ కన్నా తేలిగ్గా ఉంటాయి. మీ డబ్బులో సగానికి దగ్గరగా వీటికే పెట్టండి అని చెబుతాను. ఆరు వేల రేడియోకి రెండు జతల నాసిరకం సెల్స్ ఇచ్చే బదులు, మూడున్నర వేల రేడియోకి ఏడాదికి సరిపడా మంచి సెల్స్ ఇస్తే వాడు ఏడాదంతా వింటాడు.

అదే లెక్కన, లోపల లిథియం అయాన్ బ్యాటరీ ఉండి ఫోనులా చార్జ్ చేసుకునే సెట్టు అక్కడికి సరిపడదు. ఆ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల లోహం పొరకట్టి పాడవుతుంది. పోస్టులో జనరేటరు నడిచే వేళలు వేరు, అప్పుడు చార్జింగ్‌కి లైన్లో ఉండే ఫోన్లు, టార్చీలు వేరు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే సెట్టయితే వాడు ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. చేత్తో తిప్పితే చార్జ్ అయ్యే సెట్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఎమర్జెన్సీకి పనికొస్తాయి. వాటిలో షార్ట్‌వేవ్ మాత్రం పేలవం.

ఒక హెచ్చరిక. పెన్సిల్ సెల్స్ వేసే కొన్ని సెట్లకి యూఎస్‌బీ చార్జింగ్ కూడా ఉంటుంది. అది చార్జ్ అయ్యే సెల్స్ వేసినప్పుడు మాత్రమే. పారేసే సెల్స్ లోపల ఉండగా చార్జర్ పెడితే అవి ఉబ్బి కారతాయి, పగలొచ్చు కూడా. సెట్టు వెనక చిన్న కాగితం అంటించి "చార్జ్ పెట్టొద్దు" అని రాసివ్వండి. పక్క మంచం మీద ఉండే స్నేహితుడు సాయం చేయబోయి చార్జర్ పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి చెబుతున్నాను. లిథియం సెల్స్‌ని పోస్టులో పార్సిల్ చేయాలని కూడా చూడకండి. విమానంలో వెళ్లే పార్సిళ్లలో వాటిని ఆపేస్తారు. వాడు వెళ్లేటప్పుడే పెట్టివ్వండి. విమానంలో వెళ్తే ప్యాకెట్ విప్పకుండా చేతి సంచిలో పెట్టుకోమనండి, లగేజీలో వేయొద్దు.

చలి వల్ల ఇంకో రెండు తిప్పలున్నాయి. డిజిటల్ సెట్టుకి ఉండే గాజు తెరలో అంకెలు చలికి నెమ్మదిగా మారతాయి, ఒక్కోసారి కనిపించవు. కంగారుపడక్కర్లేదు, వెచ్చబడగానే వస్తాయి. రెండోది తేమ. బయట గడ్డకట్టిన సెట్టుని బుఖారీ వేడి ఉన్న గదిలోకి తేగానే లోపలా బయటా చెమట పడుతుంది. వచ్చేముందు బయటే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, లోపలికి తెచ్చి గంట ఆగి తీయాలి. చెమట సంచి మీద పడుతుంది, సెట్టు పొడిగా ఉంటుంది. జిప్ ఉన్న మందపాటి సంచులు నాలుగు పెట్టివ్వండి.

బంకరు లోపల ఏ సెట్టూ సరిగా పట్టదు. పైన రేకు, చుట్టూ మట్టి బస్తాలు. దానికి మందు పెద్ద సెట్టు కొనడం కాదు, ఏడెనిమిది మీటర్ల సన్నటి రాగి వైరు. ఒక కొసన చిన్న మొసలి క్లిప్పు పెట్టించి సెట్టు ఏరియల్‌కి తగిలించి, రెండో కొస కిటికీ సందులోంచి బయటికి వదిలితే చాలు. ఇంకా పొడవు పెడితే చిన్న సెట్లు తట్టుకోలేవు, స్టేషన్ల మీద స్టేషన్లు పడతాయి. వైరు బయట కట్టేముందు అక్కడ ఎవరి అనుమతి కావాలో వాడికే తెలుస్తుంది. పిడుగులు, ఈదురుగాలి ఉంటే తీసేయాలి. మీడియం వేవ్‌కి మాత్రం ఏరియల్ సెట్టు లోపల ఫెరైట్ కడ్డీ రూపంలో ఉంటుంది. దానికి వైరు తగిలించినా ఫలితం తక్కువ, వైరుని సెట్టు చుట్టూ నాలుగైదు చుట్లు చుడితే కాస్త బలం వస్తుంది. సెట్టునే మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఏ వైపు బాగా వినిపిస్తే అక్కడ ఆపాలి. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్ పక్కన పెట్టుకుంటే గరగర తప్ప ఏమీ వినపడదు, ఇది ఇంట్లో కూడా అంతే.

సెట్టులో తప్పకుండా చూడాల్సింది లాక్ మీట. నా మొదటి పోస్టింగ్‌లో బ్యాగులో సర్దుకున్న సెట్టు బట్టల ఒత్తిడికి దానంతటదే ఆన్ అయ్యి, నేను పోస్టుకి చేరేసరికి సెల్స్ మొత్తం తాగేసింది. రెండు వారాల దాకా కొత్త సెల్స్ రాలేదు. సెట్టు చేతిలో ఉంది, శబ్దం లేదు. అప్పట్నుంచి ప్రయాణంలో సెల్స్ తీసేసి విడిగా పెట్టుకోవడమే నేర్చుకున్నాను. అలారం ఉంటే పూర్తిగా ఆపేసి ఇవ్వండి, పోస్టులో అర్ధరాత్రి కీచుమనడం ఎవరికీ మంచిది కాదు. తెర వెలుగు ఆర్పుకునే వీలుండాలి. ఇయర్‌ఫోన్ రెండు జతలు పెట్టండి, చలికి వాటి వైరు పెళుసెక్కి తెగుతుంది. చేతి తొడుగులతో వాడేవాడికి చిన్న చిన్న మీటల కన్నా తిప్పే చక్రం నయం.

మోడల్ సంగతి. యూనిట్ ఒప్పుకుంటే టెక్సన్ పీఎల్-380 గానీ, పీఎల్-310ఈటీ గానీ చూడండి. రెండూ అరచేతిలో పట్టేవే. మూడు ఏఏ పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి. ఎయిర్ బ్యాండ్ లేదు, బ్లూటూత్ లేదు, కార్డు లేదు. ఒక మీట నొక్కితే అప్పుడు వినిపించే స్టేషన్లన్నీ వెతికి దాచుకునే సదుపాయం ఉంది. షార్ట్‌వేవ్ అలవాటు లేనివాడికి అదొక్కటే చాలు. పీఎల్-330 ఇంకా మంచి సెట్టని అందరూ చెబుతారు, ఇంట్లో వినడానికి నేనూ అదే చెబుతాను, కానీ దానికుండేది పాత నోకియా ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీ. టెక్సన్ పీఎల్-660, ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 సెట్లలో ఎయిర్ బ్యాండ్ ఉంది, కాబట్టి వద్దు.

చైనా సెట్టు కుదరదని యూనిట్ అంటే, సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్ అని జపాన్‌లో చేసిన పాత సెట్టొకటి ఉంది. తయారీ ఆగిపోయింది, వాడినవి దొరుకుతాయి. నాలుగు పెన్సిల్ సెల్స్, గట్టి ఒళ్లు, గొంతు తేలిపోతూ మునిగిపోతూ ఉన్నప్పుడు నిలబెట్టే ఏర్పాటు దానిలో చాలా బాగుంటుంది. మీ బడ్జెట్‌కి కాస్త మించవచ్చు. కొనేటప్పుడు సెల్స్ పెట్టే గది తెరిచి పచ్చటి తుప్పు లేదని, అన్ని మీటలూ పనిచేస్తున్నాయని చూసుకోవాలి. బజార్లో ఏడెనిమిది వందలకి దొరికే ఎనిమిది బ్యాండ్ల సెట్లు మాత్రం వద్దు. ఒకే స్టేషన్ రెండు చోట్ల వినిపిస్తుంది, చలికి ముల్లు నిలవదు, పది నిమిషాలకోసారి సవరించుకోవాలి.

మీ తమ్ముడు లద్దాఖ్ కాకుండా ఐక్యరాజ్యసమితి తరఫున దక్షిణ సూడాన్‌కో కాంగోకో వెళ్తుంటే నా సలహా మారేది. అక్కడ వేడి, దుమ్ము, కాబట్టి చార్జ్ అయ్యే సెట్టయినా పర్వాలేదు. అక్కడ ఐరాస నడిపే రేడియో మిరాయా, రేడియో ఒకాపీ లాంటివి ఎఫ్‌ఎంలోనే వస్తాయి, బీబీసీ ఆఫ్రికా ప్రసారాలు షార్ట్‌వేవ్‌లో గట్టిగా వినిపిస్తాయి.

సెట్టు రాగానే డబ్బాలోనే దాచి బయల్దేరే రోజు ఇద్దామనుకోకండి. ఇప్పుడే ఇచ్చేయండి. లీవులో ఉన్న ఈ రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక డాబా మీద కూర్చుని ఇద్దరూ కలిసి పట్టండి. పగలు 15, 17 మెగాహెర్ట్జ్ దగ్గర, సాయంత్రం 9 నుంచి 12 మధ్య, రాత్రి 6, 7 దగ్గర వెతకాలని చేతికి అలవాటైతే అక్కడ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వినిపించిన స్టేషన్లకి ఉత్తరాలు రాసి, విన్నది నిజమేనని వాళ్లు పంపే కార్డులు తెప్పించుకోవడం మాకు పెద్ద సరదా. పోస్టులో ఉన్నంతకాలం ఆ పని వద్దని చెప్పండి. ఫలానా చోట ఫలానా సమయానికి విన్నాను అని విదేశీ స్టేషన్‌కి రాస్తే తానెక్కడున్నదీ తానే చెప్పినట్టవుతుంది.

చివరిగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. షార్ట్‌వేవ్ స్టేషన్ల వేళలు, ఫ్రీక్వెన్సీలు ఏడాదికి రెండుసార్లు మారతాయి, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. ఇప్పుడు మీరు రాసిచ్చే కాగితం నవంబరుకి పాతబడిపోతుంది. అక్కడ నెట్ లేనివాడికి కొత్త వేళలు ఎక్కడ దొరుకుతాయి? అందుకని ఆ రెండు ఆదివారాలు దాటిన వారంలో మీరే నెట్‌లో చూసి, బీబీసీ, జపాన్ హిందీ, ఇంకా వాడికి నచ్చినవి, మన టైము ప్రకారం తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంటి కబుర్లతో కలిపి ఉత్తరంలో పంపండి. వాడి చిరునామా కింద 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటుంది, మామూలు పోస్టు డబ్బాలో వేస్తే చాలు. పెన్సిల్‌తో రాయండి, మంచు తడికి ఇంకు చెదిరిపోతుంది. కాగితం అడుగున నాలుగు గీతలు ఖాళీగా వదిలితే, విజయవాడ ఏ రాత్రి ఎన్నింటికి తగిలిందో వాడు అక్కడ రాసుకుంటాడు.